మూఢంలో ఎవరు పిలుస్తారు?



మాది హరిశ్చంద్రపురం. నాకు స్టూడియో లేదు. ఒక బండి, ఒక సంచి, టెక్కలి నుంచి పలాస దాకా రోడ్డు. పట్టాలందుకుంటున్న మీకు, ఫోటోలు తీసేవాడికి పార్టీలు ఎలా దొరుకుతాయో చెప్పమన్నారు మీ మేష్టారు. మాఘం, వైశాఖం సంగతి నేను చెప్పక్కర్లేదు. కెమెరా ఉన్నవాడికల్లా అప్పుడు పనుంటుంది. అడ్వాన్సు ముట్టకుండా డేటు రాసుకోకండి, అంతే. ఆషాఢంలో, మూఢంలో ఎవరు పిలుస్తారన్నదే అసలు లెక్క.

మొదటి మూఢంలో తేలినీలాపురం వెళ్లి పక్షుల్ని తీశాను. లైకులొచ్చాయి. పెలికాన్లు అడ్వాన్సు ఇవ్వవు కదా!

తర్వాత పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి, వాట్సాప్‌లో పంపుకోడానికి ఫోటోలు కావాలన్నారు. నల్లగుడ్డ పరిచి, పక్కనుంచి లైటు కొట్టి, గుండుపప్పుని నెలవంకలా తీశాను. ఆయన చూసి, "బాగుంది గానీ బాబూ, ఇది నూటెనభయ్యా, మూడొందల ఇరవయ్యా?" అన్నారు. పౌనుకి ఎన్ని గుండ్లు తూగుతాయన్నదే ఆ నంబరు. నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధరా పెద్దదే. నా ఫోటోలో ఆ కొలతే లేదు. మర్నాడు పక్కన రూపాయి బిళ్ల పెట్టి మళ్లీ తీశాను. అప్పుడిచ్చారు డబ్బులు. నేను చంకలో పెట్టుకెళ్లిన పెళ్లి ఆల్బమ్‌ని ఆయన తెరవనేలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. ఉద్దానంలో కరెంటు పోయింది, ఫోన్లు చచ్చాయి. నవరాత్రి పందిళ్ల కోసం ఛార్జి చేసుకున్న బ్యాటరీలు నా సంచిలో నాలుగున్నాయి. వజ్రపుకొత్తూరు వైపు ఒక కొబ్బరితోటలో ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "సూడు బావూ, ఒక్క సెట్టూ నిలబళ్లేదు" అంది. పరిహారం కాగితాలకు పనికొస్తుందని, కూలిన ప్రతి చెట్టు మొదట్లోనూ ఆమెను నిలబెట్టి తీశాను. బేరం మాట ఎత్తే మొహం లేదు నాకు. కరెంటొచ్చాక ప్రింట్లు వేసిచ్చి మర్చిపోయాను.

మూడేళ్లకు చెన్నై నుంచి ఫోను. ఆవిడ మనవడు. పెళ్లికి నేనే రావాలట. నాయనమ్మ పోయిందట, పందిట్లో దండేసి పెట్టడానికి ఆ చెట్ల ఫోటోల్లోంచి ముఖం వరకు తీసి పెద్దది చెయ్యాలట.

"ఆవిడది ఇంకో ఫోటో లేదండీ. మీ దగ్గర ఒరిజినల్ ఉందా?" అన్నాడు.

రెండు హార్డ్ డిస్కుల్లో ఉంది.