ఇసుక నేలకు వాక కంచె
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి ఇంతవరకు వక్తలు చక్కగా చెప్పారు. మేము ఒక ముళ్లచెట్టు గురించి చెప్పబోతున్నాము. నవ్వకండి. మన ఖబరస్తాన్‌కు ప్రహరీ కట్టే స్తోమతు లేక, వేసిన ముళ్లతీగ కాస్తా దొంగలపాలై, మేకలూ గొడ్లూ సమాధుల మీద తిరుగుతుంటే మనమంతా తలలు దించుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ చిన్నతనం తీర్చింది వాక చెట్టే.

వాక్కాయ, కలివికాయ, ఉర్దూలో కరోందా - పేరేదైనా చెట్టు ఒకటే. మన దేశపు మొక్క. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. నిలువెత్తు దాటి పెరుగుతుంది. ఇసుకైనా, గరపైనా, రాతి నేలైనా బతుకుతుంది. దానికి పడనిది ఒక్కటే, మొదట్లో నీరు నిలవడం.

మొదట మేము చేసిన తప్పులు చెబుతాము, మీరు చేయకుండా ఉంటారని. ఎప్పటివో ఎండిపోయిన గింజలు కొనుక్కొచ్చి చల్లాము. దాదాపు ఒక్కటీ మొలవలేదు. వాక గింజకు ఆయుష్షు తక్కువ. పండు నుంచి తీసి, కడిగి, నీడన ఆరబెట్టి, వెంటనే వేయాలి. రెండోసారి మొలిచిన మొక్కల్ని ఎండాకాలంలో నాటాము. అవి మాడిపోయాయి. మూడోసారికి గాని బుద్ధి రాలేదు!

ఇప్పుడు పద్ధతి వినండి. వానాకాలంలో పండిన కాయల గింజల్ని సంచుల్లో వేసి, ఏడాది పెంచి, మరుసటి తొలకరికి నాటాలి. కంచెకైతే మొక్కకూ మొక్కకూ రెండు మూడడుగులు, తోటకైతే ఎనిమిది పదడుగులు ఎడం. ఇసుకలో నీరు నిలవదు గనుక అడుగున్నర గుంట తీసి, చివికిన పశువుల ఎరువు, చెరువు మట్టి కలిపి నింపాలి. మొదలు చుట్టూ ఎండాకు కప్పాలి. మొదటి రెండు వేసవులు వారానికోసారి కడవెడు నీళ్లు పోస్తే చాలు, తర్వాత అది మనల్ని నీళ్లడగదు. చివర్లు తుంచితే కొమ్మలు గుబురుగా అల్లుకుంటాయి. లేత చిగురును మేకలు వదలవు, కనుక రెండేళ్లు ఎండు ముళ్లకంప అడ్డం పెట్టాలి. ముల్లు ముదిరాక ఏ కాపలా అక్కర్లేదు.

మూడు నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది. మాఘ ఫాల్గుణాల్లో తెల్లని పూలు, వానలు పడేనాటికి కాయలు. కోసేటప్పుడు చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోవాలి. పాలు జిగటగా అంటుకుంటాయి. పచ్చికాయతో పప్పు, పచ్చడి, మాంసంలోకి పులుపు. పండు గట్టిపడే గుణం గలది గనుక జామ్, జెల్లీ బాగా కుదురుతాయి. బేకరీల్లో కేకు మీద ఎర్రగా మెరిసే 'చెర్రీ' చాలాచోట్ల పాకంలో ఊరి, రంగు వేసుకున్న మన వాక్కాయే! మేలు రకాలు కావాలనేవారికి పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పంత్ మనోహర్, పంత్ సుదర్శన్ రకాలున్నాయి.

మన ఖబరస్తాన్ కంచె కాయల్ని ఇప్పుడు నలుగురు వితంతు సోదరీమణులు కోసి, పచ్చడి పెట్టి అమ్ముకుంటున్నారు. అది పెద్ద ఆదాయమని మేము చెప్పము. కాని ఎవరి ముందూ చేయి చాచకుండా పిల్లల పుస్తకాలకు సరిపోతోందని వారే చెప్పారు. దానిని మించిన లెక్క మాకు తెలియదు.

కావున, ఇసుక దిబ్బ పక్కన రెండు సెంట్ల జాగా ఉన్నవారైనా సరే, వచ్చే తొలకరికి పది మొక్కలు నాటండి.