ఒగ్గుకథను డిస్కున కెక్కించు విధము



మన టేకుమట్ల ప్రాంతమున మల్లన్న, బీరన్న కథలను రాత్రి తెల్లవార్లు ఒగ్గువారిచే చెప్పించుట పరిపాటి. ఈ కథలు మిక్కిలిగా కథకుల కంఠములందే నిలిచియున్నవి. జనగామ ప్రాంతపు మాణిక్యాపురమునకు చెందిన సుప్రసిద్ధ ఒగ్గుకథకులు చుక్క సత్తయ్యగారు 2017లో దివంగతులైరి. కథకునితో కథయు పోకుండవలెనన్న, దానిని రూపముతోను శబ్దముతోను భద్రపరుపవలెను. అందులకై వీడియో డిస్కును సిద్ధపరచు విధము సంగ్రహముగా మనవి చేసెదను.

ఈ పనిని ఆంగ్లేయభాషలో ఆథరింగు అందురు, అనగా గ్రంథకర్తృత్వము. పేరు సార్థకమే. మొదట కెమెరాతో తీసిన దృశ్యములందు నిరుపయోగములను తొలగించి, మిగిలినవానిని వరుసగా కూర్తురు. పిదప సంక్షేపము. మనదేశపు టెలివిజను పద్ధతిని సెకండునకు 25 చిత్రములు నడచును. అన్నియు పూర్ణముగా వ్రాసినచో చోటు చాలదు. కావున యంత్రము ఒక చిత్రమును పూర్తిగా వ్రాసి, తరువాతివానిలో మారిన అంశములనే గుర్తించుచు పోవును. కథకుని వెనుక గోడ కదలదు గదా. దానిని మరల మరల వ్రాయనేల? 1993లో వచ్చిన వీసీడీయందు 74 నిమిషముల దృశ్యమే పట్టెడిది. 1996లో జపానున వెలువడిన డీవీడీయందు ఒక్క పొరలో 470 కోట్ల బైట్లు, అనగా మంచి నాణ్యముతో రమారమి రెండు గంటల దృశ్యము పట్టును. రాత్రంతయు సాగు కథకు పెక్కు డిస్కులు కావలయును.

తరువాత అధ్యాయవిభాగము. మల్లన్న జననము, వివాహము మున్నగు ఘట్టములను వేరుపరచి, మొదట విషయసూచిక నమర్తురు. చూచువాడు కోరిన ఘట్టమునకు నేరుగా పోగలడు.

ఇక ప్రతులు. వేలకొలది కావలసినచో గాజుపలకపై మాతృక చేసి, దానినుండి లోహపు అచ్చు తీసి, ప్లాస్టిక్కుపై ఒత్తి, అల్యూమినియము పూత పూయుదురు. కొలది ప్రతులకైనచో, డిస్కులోని రంగుపొరపై లేసరు కిరణముతో గుర్తులు పెట్టుదురు. పెండ్లిండ్లకు, జాతరలకు మన యూళ్లలో తీయించిన డిస్కులు సాధారణముగా ఈ రెండవ జాతివే. ఎండకు, వేడికి ఆ రంగు చెడును. చెడిన పిదప ఏ యంత్రమును దానిని చదువజాలదు. చదువు యంత్రములును నేడు అరుదగుచున్నవి.

కావున పెద్దలకు నా విన్నపము రెండు మాటలు. మన పూర్వకవులు ఆశ్వాసాంతగద్యలో తమ పేరు చెప్పుకొనిరి. అట్లే ప్రతి డిస్కునందును కథకుని పేరు, డోలు వాయించినవారి పేర్లు, ఊరు, తేదీ చేర్పింపుడు. పేరులేని డిస్కు తండ్రినెరుగని బిడ్డ. రెండవది: తాటాకు శిథిలము కాకమునుపే లేఖకుడు క్రొత్త ఆకులపై ఎత్తి వ్రాసెను, అందువలననే మన కావ్యములు మనకు దక్కినవి. మీ పెట్టెలలోని డిస్కులను కంప్యూటరు నెరిగిన పిల్లలచే నేడే క్రొత్త ప్రతులెత్తించి, రెండు తావుల దాచుడు. ఒగ్గుకథ చెప్పు వృద్ధులు మీ యూర నున్నచో, డోలు మ్రోగుచుండగనే వారి కథలను తీయింపుడు.