నాగు, వాయిదా, జొన్న: పి.వి. సతీష్ స్మారకోపన్యాసం



అగర చెరువు చుట్టుపక్కల ఊళ్ల పొలాల మీద వెలసింది బెంగళూరులోని మన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్. ఆ నేల మీద కూర్చుని రైతు అప్పు గురించి మాట్లాడుకోవడం సబబే. మైసూరులో పుట్టి, దూరదర్శన్‌లో పనిచేసి, 1983లో మిత్రులతో కలిసి జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నిలబెట్టిన సతీష్ గారు ఆ అప్పుకు మరో దారి చూపారు. 2023 మార్చి 19న మనల్ని విడిచి వెళ్లారు.

గింజల మీద వడ్డీని మన పెద్దలు నాగు అన్నారు. విత్తే వేళ షావుకారు దగ్గర బస్తా తెచ్చుకుంటే, కళ్లంలో బస్తాన్నర కొలవాలి. 1890లలో మద్రాసు ప్రభుత్వం కోసం ఫ్రెడరిక్ నికల్సన్ ఈ సంగతంతా పరిశీలించి, జర్మనీలో రైఫైజన్ పెట్టిన పల్లె పరపతి సంఘాల దారి చూపాడు. 1904లో సహకార పరపతి చట్టం వచ్చింది. మరుసటి ఏడే గదగ్ సీమలోని కణగినహాళలో సహకార సంఘం పుట్టింది. అయినా 1954లో వెలువడిన గ్రామీణ రుణ సర్వే చూస్తే, రైతు తెచ్చిన ప్రతి వంద రూపాయల్లో సహకార సంఘాలు ఇచ్చింది మూడే. డెబ్బై దాకా వడ్డీ వ్యాపారులవే. 1969లో బ్యాంకులు జాతీయమయ్యాయి. బీడుభూమి ఎకరం చేతిలో ఉన్న దళిత మహిళ మాత్రం గడప బయటే ఉండిపోయింది.

జహీరాబాద్ పల్లెల్లో ఆమె పరిస్థితి ఇంకా కష్టం. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్నకు విలువ తగ్గింది, చేను పడావు పడింది, ఆమె కూలికి పోయింది. 1990ల నడుమ సతీష్ గారి సొసైటీ సంఘాల మహిళలు ఆ బీళ్ల మీదే అప్పు ఇచ్చుకున్నారు. దున్నకానికి, పెంటకు, విత్తనానికి విడతలుగా డబ్బు. తీర్చేది జొన్నతో, పంట వచ్చాక. ఆ జొన్న ఊరి గుమ్మిలో చేరి, కరువు నెలల్లో పేదింటికి చౌకగా అందేది. ఎవరు పేదో ఊరివాళ్లే కూర్చుని తేల్చేవారు. ముప్పైకి పైగా ఊళ్లలో సుమారు రెండున్నర వేల ఎకరాలు మళ్లీ పచ్చబడ్డాయి.

విత్తనం అప్పు కూడా అంతే. వెదురుబుట్టలో బూడిద, వేపాకు కలిపి, పైన మట్టీ పేడా మెత్తిన గింజలు. ఒక కొలత తీసుకున్నామె రెండు కొలతలు తిరిగి పోస్తుంది. కొలత చూస్తే నాగు కంటే ఎక్కువే. కానీ అది షావుకారు కొట్టుకు పోదు, వచ్చే ఏడు ఇంకో చెల్లెలి చేనుకు పోతుంది. నా దృష్టిలో సతీష్ గారు మనకు చూపిన అసలు తేడా ఇదే.

మరోవైపు సూక్ష్మరుణ కంపెనీల వారం వారం వాయిదాలు వచ్చాయి. యాసంగి జొన్న చేతికి రావడానికి నాలుగైదు నెలలు. వాయిదా వచ్చేది ఏడో రోజున. ఆ వాయిదా కట్టడానికి ఇంకో అప్పు. ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేసే ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ గాయం నేను మరవలేను.

ఇదే బెంగళూరులోని రంగ్ దే అనే సంస్థ 2008 నుంచి పట్నంవాసుల చిన్న మొత్తాలను పల్లెలకు అప్పుగా చేరుస్తోంది. ఈ సభలోనూ ఫోనులోనే అలా అప్పు ఇవ్వగలవారు ఎందరో ఉన్నారు. ఇవ్వండి. ఇచ్చేముందు మాత్రం ఒక్కటి అడగండి: ఆ చేను కోతకొచ్చేది ఏ నెలలో?