పొయ్యి దగ్గర మొదలైన పరిశోధన
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

విశ్వవిద్యాలయాల్లో జరిగే ఇంజనీరింగ్ పరిశోధన మామూలు మనుషులకు ఎలా ఉపయోగపడుతుందో చెప్పమని కమిటీ వారు నన్ను అడిగారు. ముప్పై ఏళ్లు మెకానికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పినవాణ్ణి కదా, ఏ రాకెట్ గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నేను కట్టెల పొయ్యి గురించి చెబుతాను.

1974లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 'అస్త్ర' అనే కేంద్రం మొదలైంది. అంటే మన బడికంటే ఒక్క ఏడాది పెద్దది. సైన్సును, సాంకేతికతను పల్లెల అవసరాలకు మళ్లించడం దాని పని. ముందుండి నడిపినవారు ప్రొఫెసర్ అమూల్య రెడ్డి. ఆయన చదువు ఎలక్ట్రోకెమిస్ట్రీ, పొయ్యిలతో దానికి సంబంధమే లేదు. అయినా ఆయన బృందం తుమకూరు జిల్లా ఉంగ్ర ప్రాంతపు పల్లెలకు వెళ్లి, ఊరు దేనికెంత శక్తి ఖర్చు పెడుతోందో కొలిచింది. ఎన్ని కట్టెలు కాలుతున్నాయి, నీళ్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయి, ఎవరెన్ని గంటలు కష్టపడుతున్నారు అన్నీ లెక్క రాశారు. ఊరు వాడే శక్తిలో చాలా భాగం వంటచెరకే. మనుషుల శ్రమలో సగానికి పైగా ఆడవాళ్లది. మన అమ్మలకు ఇది కొత్త సంగతేమీ కాదు. కానీ అంకెల్లోకి వచ్చాకే అది ఇంజనీర్ల సమస్య అయింది.

మూడు రాళ్ల పొయ్యి మీద వండితే కట్టెలోని వేడిలో దాదాపు పదో వంతే గిన్నెకు చేరుతుంది. మిగతాది గాలిలో కలుస్తుంది, పొగేమో వండేవారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అస్త్ర బృందం తయారుచేసిన పొయ్యి పేరు 'అస్త్ర ఒలె'. కన్నడంలో ఒలె అంటే పొయ్యే. మంటను నాలుగు వైపులా మూసి, కింద ఊచల జల్లెడ పెట్టి గాలి అందేలా చేశారు. గిన్నెలు రంధ్రాల్లో బిగువుగా కూర్చుంటాయి. మొదటి గిన్నె కింద నుంచి వెళ్లే వేడి వాయువులు రెండో దాన్ని, మూడో దాన్ని కాచి, ఆ తర్వాతే పొగగొట్టంలోకి వెళతాయి. అదే అన్నానికి తక్కువ కట్టెలు చాలు, పొగ ఇంటి బయటికి పోతుంది. వినడానికి తేలికే గానీ, దారి వెడల్పు కాస్త అటూ ఇటూ అయితే పొగ వెనక్కి తంతుంది. అందుకే కట్టే మేస్త్రీకి శిక్షణ ఇవ్వడం కూడా పరిశోధనలో భాగమైంది.

అదే ప్రాంతంలో పుర అనే ఊరుంది. అక్కడ ఊరంతటికీ కలిపి పేడ గ్యాసు ప్లాంటు కట్టారు. ముందు వంటకు గ్యాసు ఇద్దామనుకున్నారు. అందరి వంటకూ అది చాలలేదు. అప్పుడు దారి మార్చి, ఆ గ్యాసుతో ఇంజను నడిపి ఇళ్లకు దీపాలు, తాగునీళ్లు ఇచ్చారు. పేడ ఇచ్చినవారికి ఎరువుగా మడ్డి తిరిగి వెళ్లింది. నా దృష్టిలో పొయ్యికంటే ఇదే గొప్ప పాఠం. తమకు తోచింది పట్టుకుని వేలాడకుండా, ఊరికి ఏది కుదురుతుందో దాన్నే ఎంచుకున్నారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పొద్దున మన బడి వెనక వంటషెడ్డు చూశాను. మధ్యాహ్న భోజనం ఇంకా కట్టెల మీదే వండుతున్నారు. వంట చేసే అక్కలు చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అన్నం వారుస్తున్నారు. ఒకామె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అలవాటైపోయింది సారూ" అంది.

మన సంఘం ముఖద్వారానికి చందాలు వసూలు చేస్తోంది. ఆర్చి వద్దనను, నా వంతు కూడా రాసుకోండి. కానీ దానికంటే ముందు ఒక పని చేద్దాం. తొమ్మిదో తరగతి పిల్లలు వారం రోజులు ఆ కట్టెలు తూచి, వంటకు పట్టిన సమయం రాయాలి. సైన్సు టీచరుగారు ఒప్పుకుంటే కాటా నేను కొనిస్తాను. ఆ లెక్కతో పాటు అక్కల్నీ కమిటీ సమావేశానికి పిలుద్దాం. గ్యాసా, మంచి పొయ్యా, షెడ్డుకు పొగగొట్టమా, ఏది కావాలో వాళ్లు చెప్పాక డబ్బు సంగతి మాట్లాడుకుందాం. సమావేశం వచ్చే ఆదివారమని కార్యదర్శిగారు ఇందాకే చెప్పారు. నేను ఊళ్లోనే ఉంటాను.