ఓడ వెనక ఒడ్డు: విశాఖ నౌకా స్థావరం



నేవీ డే విన్యాసాలంటే విశాఖ ఊరంతా బీచ్ రోడ్డుకు చేరుతుంది. యుద్ధనౌకలను, హెలికాప్టర్లను కళ్లారా చూసి ఇంటికి వెళ్తాం. ఆ నౌకల్ని నడిపించే ఒడ్డు మాత్రం మన కంట పడదు. రేవుకొచ్చిన ఓడ మళ్లీ ఎంత త్వరగా సముద్రంలోకి వెళ్లగలదన్నదే నౌకా స్థావరానికి అసలు పరీక్ష అని నా అభిప్రాయం. ఇవాళ ఆ కోణంలోనే మాట్లాడతాను.

ముందుగా ఈ స్థావరం ఉన్న చోటు సంగతి. నైరుతి కెరటాలకు డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డం నిలబడింది. దాని పక్కనుంచి సన్నని దారి, లోపల మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట ఒకప్పటి చిత్తడి నేల. దాన్ని తవ్వి రేవు చేశారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ లోపలికి వచ్చింది. బయట సముద్రం ఎంత పోటెత్తినా లోపలి హార్బరులో నీరు పెద్దగా కదలదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళం ఇక్కడ కాలూనింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరిమీద బాంబులు వేశాయి.

ఆ సన్నని దారిని కాపాడుకోవడం చిన్న పని కాదు. తీరం వెంబడి ఇసుక ఏటా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ వచ్చి దారి మూతి దగ్గర పేరుకుంటుంది. రేవు కట్టిన రోజుల్లోనే రెండు పాత ఓడల్ని ముంచి దానికి అడ్డుకట్ట వేశారు. అయినా డ్రెడ్జింగ్ ఆగడానికి వీల్లేదు. అలా తవ్వి తీసిన ఇసుకను కోతకు గురయ్యే ఆర్కే బీచ్‌కు తరలిస్తుంటారు. మనం సాయంత్రాలు నడిచే ఆ ఇసుకలో కొంత హార్బరు దారిలోంచి వచ్చిందే. సరుకు ఓడలూ యుద్ధనౌకలూ ఆ ఒక్క దారినే వాడుకోవాలి. ఓడలకు దారి చూపే పైలట్లు, టగ్గుల వాళ్లు ఎంత నేర్పుగా పనిచేయాలో ఊహించండి.

విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాదళ కమాండ్ 1968 మార్చి 1న ఏర్పడింది. నాలుగేళ్లు తిరగకుండానే పాకిస్థాన్‌తో యుద్ధం వచ్చింది. 1971లో విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్‌ దీవుల్లో దాచి, అది విశాఖలోనే ఉందని శత్రువును నమ్మించారు. ఎలా నమ్మించారు? అప్పటి తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ తర్వాతి కాలంలో రాసుకున్నారు. విక్రాంత్ వంటి పెద్ద నౌకకు సరిపడా మాంసం, కూరగాయలు ఇక్కడి కాంట్రాక్టర్ల దగ్గర ఆర్డరు పెట్టించారు. ‘రాజ్‌పుత్’ అనే చిన్న నౌక చేత భారీగా వైర్‌లెస్ సందేశాలు పంపించి, దాన్నే విక్రాంత్‌లా భ్రమింపజేశారు. ఒక స్థావరం ఏమేం కొంటోందో చూస్తే అక్కడ ఏ ఓడ ఉందో చెప్పేయవచ్చు. ఆ సంగతి తెలిసిన మనిషి బజారు సరుకునే ఎరగా వేశాడు. పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ వెతుక్కుంటూ వచ్చి, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. అందులోని 93 మందిలో ఒక్కరూ మిగల్లేదు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జ్ బాంబులే కారణమని మన దేశం, లోపలి పేలుడని పాకిస్థాన్ అంటాయి. ఎవరి మాట ఎలా ఉన్నా, ఆ నావికుల మరణాన్ని గౌరవంగానే తలుచుకోవాలి.

ఇక ఓడలను బాగుచేసే డాక్‌యార్డు. ఓడ డ్రైడాక్‌లోకి వచ్చాక గేటు మూసి నీళ్లు తోడేస్తారు. దాని అడుగు ఆకారానికి సరిపోయేలా ముందే పేర్చిన దిమ్మెల మీద ఓడ మెల్లగా కూర్చోవాలి. దిమ్మె కాస్త పక్కకు జరిగినా ఉక్కు వంగుతుంది. నీరు దిగాక అడుగున పట్టిన గుల్లలు, నాచు గీకి, తుప్పు తీసి, రంగు వేస్తారు. ప్రొపెల్లర్ షాఫ్టు, వాల్వులు విప్పి పరీక్షిస్తారు. ఒక్కో పనికి ఒక్కో కేంద్రం ఉంది: ఇంజిన్లకు ఐఎన్‌ఎస్ ఏక్షిల, జలాంతర్గాములకు వీరబాహు, ఆ విద్య నేర్పడానికి శాతవాహన, విమానాలకు డేగ, వైద్యానికి కల్యాణి ఆసుపత్రి. 2009 జులై 26న అణు జలాంతర్గామి అరిహంత్ నీటిలోకి దిగింది కూడా ఈ ఊళ్లోనే. వెల్డర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు వేల మంది మన పక్కింటివాళ్లే. కవాతుల్లో వాళ్ల పేర్లు వినిపించవు; అది నాకు బాధగానే ఉంటుంది.

తుపాను వస్తోందంటే చేపల పడవలు ఒడ్డుకు చేరతాయి. యుద్ధనౌకలు మాత్రం వీలైనంత వరకు బయటికి వెళ్లిపోతాయి. జెట్టీకి కట్టిన ఓడ గాలికి గోడను గుద్దుకుంటుంది. నడిసముద్రంలో అయితే తప్పుకోవడానికి చోటుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు డేగ రన్‌వే పక్కనున్న విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది. స్థావరమే దెబ్బతిన్న రోజుల్లో ఊరికి సాయం అందించే బాధ్యత కూడా దానిమీదే పడింది.

ఇప్పుడు స్థావరం ఊరు దాటి పెరుగుతోంది. దక్షిణాన రాంబిల్లి దగ్గర కొత్త రేవు కడుతున్నారు. సముద్రమే లేని వికారాబాద్ జిల్లా దామగుండంలో, నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దానికి సుమారు 2,900 ఎకరాల అడవి భూమి ఇచ్చారు. చెట్ల గురించి, మూసీ నది గురించి అక్కడివాళ్లు అడుగుతున్న ప్రశ్నలు న్యాయమైనవి. దేశ రక్షణ పేరు చెప్పి వాటిని దాటవేయకూడదు. రాంబిల్లిలో భూములిచ్చిన కుటుంబాల పిల్లలకు ఆ రేవులో చేతిపని నేర్పి ఉద్యోగాలివ్వాలని నౌకాదళాన్ని, ప్రభుత్వాన్ని ఈ సభ ద్వారా కోరుతున్నాను. మీరూ నాతో గొంతు కలపండి.