పసుపు పేజీ, ఆకుపచ్చ పేజీ

  

పట్టాలు అందుకున్న పిల్లలూ, మీ ముందు నిలబడ్డ ఈ మనిషి ప్రూఫ్ రీడర్‌గా ఉద్యోగంలో చేరాడు. ఎర్ర సిరా పెన్నుతో ‘ప’ బదులు ‘వ’ పడినచోటల్లా దిద్దడమే పని. ‘ప’కు తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కు కలిసిపోతుంది. సిరా అలుక్కుపోతే ఆ సన్నటి సందు పూడిపోతుంది. యంత్రమూ అక్కడే పొరబడుతుంది.

పాత పుస్తకాలను నెట్‌లో ఎక్కించే తెలుగు వికీసోర్స్ చూడండి. పుస్తకం పేజీని ముందు అక్షరాలు గుర్తుపట్టే యంత్రం, అంటే ఓసీఆర్, చదువుతుంది. ఒకరు స్కాను బొమ్మను పక్కన పెట్టుకుని దిద్దితే పేజీ పసుపు రంగుకు వస్తుంది. వేరొకరు మళ్లీ చదివి సరేనంటేనే ఆకుపచ్చ. దిద్దినవారే ఆమోదిస్తామంటే కుదరదు.

మనుషులూ యంత్రాలూ కలిసి పనిచేసే ఇలాంటి అల్లికలను రకాలుగా విడదీసేటప్పుడు పండితులు, వాటిలో మనుషులు ఎంతమంది ఉన్నారు, ఎంత దూరాన ఉన్నారు, ఒకరికొకరు ఎంత తెలుసు అని చూస్తారు. చూడాల్సిందే. కానీ తప్పు దొరికినప్పుడు దిద్దే హక్కు ఎవరిది? ఈ మనిషిని ఏళ్లుగా వదలని దిగులు అదే.

ఇలాంటి అల్లికలే రెండు చూడండి: వెబ్‌సైట్లలో మనిషినేనని నిరూపించుకోమనే రీక్యాప్చా, గెలాక్సీల రకాలు చెప్పమనే గెలాక్సీ జూ. రెండూ 2007లోనే మొదలయ్యాయి. మొదటిదాంట్లో యంత్రం చదవలేని పాత పత్రికల మాటలను జనం టైపు చేసిపెట్టారు. వాళ్లలో చాలామందికి తాము చేస్తున్నది ఆ పని అని తెలియదు. రెండోదాంట్లో మొదటి ఏడాదే లక్షన్నర మంది ఇష్టపడి కూర్చుని, గెలాక్సీల ఫొటోలు చూసి 5 కోట్ల సార్లు రకం చెప్పారు. సుడులు ఎడమవైపు తిరిగేవే ఎక్కువని తేలితే, శాస్త్రవేత్తలు అవే ఫొటోలను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి చూపించారు. అప్పుడూ జనానికి ఎడమవైపువే ఎక్కువ కనిపించాయి! పొరపాటు ఆకాశానిది కాదు, మనిషి కంటిది. వాళ్లలో ఒకరైన డచ్చి బడిపంతులమ్మ హానీ వాన్ ఆర్కెల్ మాత్రం ఒక ఫొటోలో వింత నీలి మరక చూసి, ఇదేమిటని అడిగారు. వేడెక్కి వెలుగుతున్న ఆ భారీ వాయుమేఘానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది.

రీక్యాప్చా, గెలాక్సీ జూ రెండూ ఒకే గూట్లో పడతాయా?

పొద్దున మీ ప్రాజెక్టులన్నీ చూశాడీ మనిషి. వాటి పటాల్లో పెట్టెలు బాగున్నాయి, బాణాలు బాగున్నాయి. మూలన గీతబొమ్మ గీసి ‘యూజర్’ అని రాసి వదిలేశారేం తల్లీ? ఆ బొమ్మకు ఏమీ తెలియదా? అడిగే వీలు లేదా? ఇంత చదివించింది ఇందుకేనా నాయనా!

ఈ సెలవుల్లో ఒక్క పసుపు పేజీ తెరవండి. స్కాను బొమ్మను పెద్దది చేసి, ‘ప’ మీద ఆ సందు ఉందో లేదో చూడండి.