ఆగడం కూడా సాధనే

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ముగ్గురం పాడేరు మన్యంలో ఒకే ఆశ్రమ పాఠశాలలో టీచర్లం. మా నాలుగో మనిషి లెక్కల మాస్టారు. నిజానికి ఈ రోజు మాట్లాడమని సంఘం పిలిచింది ఆయన్నే. "నేను పందెం పూర్తి చెయ్యలేదు కదా, చెప్పడానికేముంది?" అని వెనక వరుసలో కూర్చున్నారు. ఆయన ఒప్పుకున్నారు కాబట్టి ఆ కథ మేము చెబుతున్నాం.

ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు వెంటవెంటనే పూర్తి చెయ్యాల్సిన పందెం. మాస్టారు ఎంచుకున్నది ఐరన్‌మ్యాన్ 70.3. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు. మైళ్లలో 70.3 కాబట్టి ఆ పేరు. గోవాలో ఇది మొదటిసారి 2019లో జరిగింది.

ఆ వార్త చదివి మాస్టారు అన్న మాట మాకింకా గుర్తుంది. "గెడ్డలో ఈత కొట్టి పెరిగాం. సంతకు కొండలెక్కి దిగాం. మనకిది కొత్తా?" తీరా దిగాక తెలిసింది, కొత్తేనని. గెడ్డలో అలసిపోతే ఒడ్డు పట్టుకోవచ్చు. సముద్రంలో కాలు ఆనదు. ఆదివారాలు విశాఖ వెళ్లి కొలనులో ఈత మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నారు. ఎవరో వాడిన సైకిలు కొనుక్కున్నారు.

2020 మార్చిలో బడి మూతపడింది. పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయారు. ఫోనులో పాఠాలు చెప్పమన్నారు గానీ సిగ్నలు కోసం పిల్లలు కొండెక్కాల్సిన పరిస్థితి. మాస్టారు లెక్కల కాగితాలు సంచిలో వేసుకుని, మాస్కు కట్టుకుని, ఊరూరా సైకిలు మీద తిరిగారు. ఏడాదిపాటు ఆయన సాధనంతా అదే.

2021 మే నెలలో ఆయనకు కరోనా వచ్చింది. వేలికి ఆక్సీమీటరు పెడితే 88 చూపించింది. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. మేము వంతులవారీగా ఆసుపత్రి బయట కూర్చున్నాం. తిరిగి వచ్చాక గది నుంచి భోజనశాల దాకా నడవడానికి మధ్యలో రెండుసార్లు కూర్చునేవారు.

ఆరు వారాలకు, మాకు చెప్పకుండా తెల్లవారుజామున పరుగెత్తారు. గుండె దడదడలాడి రోడ్డు పక్కన కూలబడ్డారు. పాలకు వెళ్లిన మాలో ఒకరు చూసి తీసుకొచ్చారు. డాక్టరు ఈసీజీ, ఎకో తీయించి గట్టిగా చెప్పారు: ఈ జబ్బు తర్వాత కొందరికి గుండె కండరం వాస్తుంది, అప్పుడు శ్రమపడితే ప్రాణం మీదికొస్తుంది, తొందరపడొద్దని. మాస్టారికి వాపు లేదని తేలింది. అయినా పరుగు ఆపేశారు.

మళ్లీ వరండా నడకతో మొదలుపెట్టారు. రోజూ లేవగానే నాడి లెక్కపెట్టి పుస్తకంలో రాసేవారు. మామూలుకన్నా పది ఎక్కువుంటే ఆ రోజు సాధన లేదు. ఆ పుస్తకం మా దగ్గరే ఉండేది, ఆయన దొంగలెక్క రాయకుండా! బడి తెరిచాక ఆ అంకెలతోనే తొమ్మిదో తరగతికి గ్రాఫులు నేర్పారు.

2022 నవంబరు 13న గోవా మీరామార్ తీరంలో పందెం. మాలో ఒకరం వెంట వెళ్లాం. ఈత అయింది. సైకిలు అయింది. పరుగులో 12 కిలోమీటర్ల దగ్గర ఛాతీ బిగిసింది. నడకలోకి దిగినా గుండె వేగం తగ్గలేదు. గడువుకు ఇంకా సమయముంది. చుట్టూ జనం "పద, పద" అంటున్నారు. ఆయన ఆగిపోయి, వైద్యుల గుడారం ఎక్కడని అడిగారు. రెండు గంటలు పరీక్షగా చూసి పంపించారు. పతకం లేదు. తిరుగు రైల్లో ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

బుధవారం తరగతిలో పిల్లలు అడిగారు, "సార్, ఓడిపోయారా?" అని. "ఒంట్లో బాగోలేదు, ఆగిపోయాను. ఆగకపోతే ఇవాళ మీకు పాఠం ఉండేది కాదేమో" అన్నారు.

ఆ రాత్రి ఒక పిల్లాడు మాస్టారి గదికి వచ్చాడు. ఆటల పీరియడు రాగానే కడుపునొప్పి అని తప్పుకునేవాడు. సోమరి అని మేమే తిట్టాం. ఆ తప్పు మాది. పరుగెత్తితే ఎముకలు పిండేసినట్టు నొప్పి పుడుతుందని, చెబితే నవ్వుతారని దాచానని అన్నాడు. రక్తపరీక్ష చేయిస్తే సికిల్ సెల్ జబ్బని తేలింది. ఇప్పుడు మందులు వాడుతున్నాడు. ఆటల్లో స్కోరు రాసేది వాడే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ జబ్బు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మన ఆదివాసీల్లో ఎక్కువ. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. ఒంట్లో నీరు తగ్గినా, మితిమీరి శ్రమపడినా నొప్పి ముదురుతుంది. దీన్ని 2047 నాటికి లేకుండా చెయ్యాలని కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. పరీక్షకు కావాల్సింది కాస్త రక్తమే. పోలీసు సెలక్షన్లకని, సైన్యానికని రోజూ పరుగెత్తేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ముందు ఆ పరీక్ష చేయించుకోండి. జ్వరంతో పరుగెత్తొద్దు. గెడ్డలో ఒంటరిగా ఈత కొట్టొద్దు. నొప్పి ఉంటే దాచొద్దు.

కొండ ఎక్కేటప్పుడు మన పెద్దలు మధ్యలో బరువు దించుకుని ఊపిరి తీసుకునేవారు. వాళ్లను చేతకానివాళ్లని ఎవరూ అనలేదు. మాస్టారు చేసిందీ అదే.

ఈ ఉదయం ఆయన నాడి 58. పుస్తకంలో రాశాం. సాయంత్రం ఐదు కిలోమీటర్ల పరుగుంది. ఆయనతో రాదలచినవాళ్లు సభ అయ్యాక వెనక వరుస దగ్గరికి వెళ్లండి.

జై ఆదివాసీ!